ఒంటికంటి దుర్బీను



కిందటి క్రిస్మసు సెలవుల్లో మనుమలిద్దరినీ వెంటబెట్టుకొని నిజాంసాగర్ వెళ్ళాను. బోధన్‌లో బస్సెక్కి బాన్సువాడ మీదుగా చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. సంచిలో జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం. నా జేబులో అరచేతిలో ఇమిడిపోయే చిన్న దుర్బీను. రెండు గొట్టాల బైనాక్యులర్ కాదు. ఒకే గొట్టం, ఒకే కంటితో చూచేది. అంగట్లో దీన్ని మోనోక్యులర్ అంటారు. మా పిల్లలు మాత్రం ఒంటికంటి దుర్బీనని పేరు పెట్టారు.

నీటి అంచున కొంగలు బారులు తీరి నిలబడ్డాయి. పెద్దవాడు చూచి తమ్మునికిచ్చాడు. చిన్నవానికి ఆరేళ్ళు. కుడి కంటికి పెట్టుకొని, "తాతా, కొంగ ముక్కు పసుపు పచ్చగున్నది!" అని ఎగిరి గంతేశాడు. కాసేపు చూడనిచ్చి, "ఆ కన్ను అలిసిపోతది బిడ్డా, ఇప్పుడు ఈ కంటితోని చూడు" అన్నాను. ఎడమ కంటికి పెట్టుకున్నాడు. "కనవడ్తలేదు తాతా" అన్నాడు. స్పష్టత సరిచేసే చక్రం తిప్పి ఇచ్చాను. "ఇంకా కనవడ్తలేదు." ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిప్పాను. "అంతా ముద్దముద్దగున్నది తాతా." నాకు విసుగొచ్చింది. "సరిగ్గ పెట్టి చూడరా" అని గద్దించాను. వాడు బిక్కముఖం వేసి దుర్బీను అన్నకిచ్చేశాడు.

ఆ సంగతి చివర చెప్తాను. ముందు ఈ వస్తువు గురించి చెప్పవలసినది చాలా ఉంది. ఊరికి రాగానే నలుగురైదుగురు "ఎక్కడ కొన్నావు, ఎంతకు కొన్నావు, మేమూ కొనవచ్చునా" అని అడిగారు. వారికి చెప్పినదే మీకూ చెప్తున్నాను.

ఎవరికి పనికివస్తుంది?

బైనాక్యులర్‌తో రెండు కళ్ళతో చూస్తాము కనుక గంటల తరబడి చూచినా కన్ను అలసిపోదు. రోజంతా పక్షులను చూచేవారికి అదే మేలు. కాని అది బరువు, మెడకు వేలాడుతూ ఉంటుంది, పొలం పనిలో అడ్డం. మోనోక్యులర్ బరువు, ధర సుమారు అందులో సగం. చొక్కా జేబులో పడుతుంది. ఒక నిమిషం తీసి చూచి మళ్ళీ జేబులో వేసుకునే పనికి ఇదే తగినది.

మన రైతుల ఇళ్ళలో అలాంటి పనులు తక్కువా? చెరకు తోట అవతలి గట్టున కదిలేది అడవిపందా, ఎవరిదైనా గొడ్డా అని తెలుసుకోవాలి. మేతకు పోయిన బర్రెలు కాలువ దాటాయేమో చూడాలి. తాటిచెట్టు మీద తేనెపట్టు ఉందేమో కింద నుంచే తెలుసుకోవాలి. ఇంటి కప్పు మీద ఏ పెంకు జారిందో నిచ్చెన వేయకుండానే చూడవచ్చు. నిజామాబాద్ బస్టాండులో దూరాన ఆగిన బస్సు బోర్డును మా ఇంటావిడ దీనితోనే చదువుతుంది. పరుగెత్తి పోయి తీరా చూస్తే అది ఆర్మూరు బస్సు అని తెలిసి వెనక్కి వచ్చే బాధ తప్పింది.

రెండు అంకెల లెక్క

ప్రతి దుర్బీను మీద రెండు అంకెలుంటాయి. 8×25 అనుకోండి. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో చెప్తుంది. 8 రెట్లంటే 800 మీటర్ల దూరంలో ఉన్నది 100 మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. రెండవ అంకె ముందున్న పెద్ద అద్దం అడ్డకొలత, మిల్లీమీటర్లలో. అద్దం పెద్దదైతే వెలుగు ఎక్కువ లోపలికి వస్తుంది. బరువు కూడా పెరుగుతుంది.

ఇప్పుడు రెండవ అంకెను మొదటి అంకెతో భాగించండి. 25ను 8తో భాగిస్తే 3 చిల్లర వస్తుంది. దుర్బీను నుంచి మన కంట్లోకి వచ్చే వెలుగు చుక్క అంత వెడల్పు ఉంటుందన్నమాట, అంటే 3 మిల్లీమీటర్లు. మిట్టమధ్యాహ్నం మన కంటిపాప 2, 3 మిల్లీమీటర్లే తెరుచుకొని ఉంటుంది. అందుచేత పగటి పనికి 8×25 చాలు. సందె వేళ కంటిపాప 5 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ కూడా తెరుచుకుంటుంది. అప్పుడు 8×42 అయితే దాని చుక్క 5 మిల్లీమీటర్లు దాటుతుంది కనుక చీకటి పడే వేళ కూడా బొమ్మ వెలుతురుగా ఉంటుంది. రాత్రి కావలి కాచే రైతుకు అది నయం. జేబులో వేసుకొని తిరిగేవారికి 8×25 నయం. రెండింటికీ మధ్యస్థంగా 8×32 కూడా దొరుకుతుంది.

"మరి 10, 12 రెట్లు ఉంటే ఇంకా మంచిది కదా" అని అందరూ అడుగుతారు. బొమ్మతో పాటు మన చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. ఒంటిచేత్తో పట్టుకునే వస్తువుకు 8 రెట్లే హద్దనుకోండి. చేయి బాగా నిలిచేవారికి 10. పెద్ద వయసువారికి, చిన్న పిల్లలకు 6 రెట్లయినా హాయిగా ఉంటుంది. రెట్లు పెరిగిన కొద్దీ కనిపించే వెడల్పు కూడా తగ్గిపోతుంది. ఎగిరే పిట్టను వెదకడానికే పొద్దు గూకుతుంది.

జాతరలో నేను మోసపోయిన విధము

ఇది నేను కొన్న రెండవ దుర్బీను. మొదటిది ఒక జాతరలో కొన్నాను. దాని మీద 40×60 అని పెద్ద అక్షరాలతో ఉంది. నలభై రెట్లంటే నిజాంసాగర్ అవతలి గట్టున చీమ కూడా కనబడుతుందనుకున్నాను. ఇంటికి వచ్చి చూస్తే మసక, చుట్టూ ఇంద్రధనుస్సు అంచు. ఒక వర్షాకాలం గడిచేసరికి అద్దం లోపల బూజు పట్టింది. 60ను 40తో భాగిస్తే ఒకటిన్నరే. నిజంగా నలభై రెట్లే అయితే పట్టపగలు కూడా చీకటిగా కనిపించాలి, చేతితో పట్టుకుంటే ఏదీ నిలవకూడదు. అంటే ఆ అంకె రాసినవాడు నన్ను అమాయకుణ్ణి అనుకున్నాడు. వాని అంచనా ఆనాటికి తప్పు కాదు.

ఎన్ని రెట్లో మీరే తేల్చుకునే ఉపాయం ఒకటుంది. ఎదురుగా ఇటుక గోడనో, కిటికీ చువ్వలనో చూడండి. ఒక కంటితో దుర్బీనులో నుంచి, రెండవ కంటితో ఉత్తగా చూడండి. రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. దుర్బీనులోని ఒక ఇటుక పొడవులో ఉత్త కంటికి కనిపించే ఇటుకలు ఎన్ని పడుతున్నాయో లెక్కించండి. ఎనిమిది పడితే 8 రెట్లు. పెట్టె మీద ఏమి రాసి ఉన్నా గోడ అబద్ధం చెప్పదు.

దుకాణంలో చేయవలసిన పరీక్షలు

ఒకటి. దుర్బీనును చేయి చాచినంత దూరంలో పట్టుకొని, ఆకాశం వైపు తిప్పి, కన్ను పెట్టే వైపు చూడండి. సూర్యుని వైపు మాత్రం వద్దు. చిన్న వెలుగు చుక్క కనిపిస్తుంది. అది చక్కని గుండ్రంగా ఉంటే లోపలి పట్టకాలు మంచివి. అంచులు నాలుగు పలకలుగా కత్తిరించినట్టు, బూడిద రంగుగా ఉంటే తక్కువ రకం గాజు. పెట్టె మీద బీఏకే4 అని ఉంటే మేలురకం గాజని, బీకే7 అని ఉంటే దానికంటే ఒక మెట్టు తక్కువదని గుర్తు.

రెండు. ముందు అద్దంలో ట్యూబులైటు ప్రతిబింబం చూడండి. పచ్చగానో, ఊదాగానో మందంగా కనిపిస్తే అద్దానికి మంచి పూత ఉన్నట్టు. తెల్లగా తళుక్కుమంటే పూత లేదు, వెలుగు కొంత వెనక్కి పోతుంది. ఎర్రని మాణిక్యంలాగా మెరిసే అద్దం చూచి ముచ్చటపడకండి. అది కనికట్టు, బొమ్మ రంగు పాడవుతుంది.

మూడు. వీధి చివర ఉన్న బోర్డు చదవండి. మధ్యలో అక్షరాలు సూదిమొన లాగా ఉండాలి. అంచుల్లో కొంచెం మసకబారితే క్షమించవచ్చు, సగం దాకా మసక అయితే వద్దు. చక్రం మెత్తగా తిరగాలి. మెల్లగా ఊపితే లోపల గలగల శబ్దం రాకూడదు.

నాలుగు. కళ్ళజోడు ఉన్నవారు జోడు తీయకుండానే చూడండి. గుండ్రని బొమ్మ మొత్తం కనబడాలి. బొక్కలో నుంచి తొంగి చూచినట్టుంటే అది మీకు సరిపడదు. కన్ను ఆనించే రబ్బరు కప్పును మడవటానికో, తిప్పి దించటానికో వీలుండాలి. కంటికి, అద్దానికి మధ్య ఎంత ఎడం ఉండవచ్చో పెట్టె మీద రాస్తారు. 15 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూచుకోండి.

ఐదు. 1000 మీటర్ల దూరాన ఎన్ని మీటర్ల వెడల్పు కనిపిస్తుందో కూడా రాసి ఉంటుంది. 8 రెట్ల దానికి 110, 120 మీటర్లుంటే బాగున్నట్టు. వాన తడికి తట్టుకోవాలంటే ఐపీఎక్స్7 అని ఉన్నది చూడండి. మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోదని దాని అర్థం. లోపల నైట్రోజన్ నింపినదైతే అద్దం లోపల ఆవిరి పట్టదు. నా మొదటి దుర్బీను బూజుకు బలి అయినది ఇది లేకనే.

పట్టుకునే తీరు

ముందు మీ పెద్ద కన్ను ఏదో తెలుసుకోండి. రెండు చేతులు చాచి, వేళ్ళ మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్ళతో దూరాన ఉన్న కరెంటు స్తంభాన్ని ఆ సందులో నుంచి చూడండి. ఇప్పుడు ఒక్కొక్క కన్ను మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు స్తంభం సందులోనే ఉంటుందో అదే పెద్ద కన్ను. దుర్బీను ఆ కంటికి పెట్టాలి. రెండవ కన్ను గట్టిగా మూయకండి, ముఖమంతా బిగుసుకుంటుంది. రెండూ తెరిచే చూడటం వారం రోజుల్లో అలవాటవుతుంది.

గొట్టాన్ని పిడికిట్లో పట్టి, ఆ చేతి బొటనవేలు చెక్కిలి ఎముకకు ఆనించండి. రెండవ చేతిని ఈ చేతికి ఆసరాగా పెట్టండి. మోచేతులు రెండూ పక్కటెముకలకు ఆనాలి. వేపచెట్టుకో, బండి చక్రానికో ఒరిగితే ఇంకా మంచిది. చూడవలసిన దానిని ముందు ఉత్త కంటితో పట్టుకోండి. ఆ చూపు కదపకుండా దుర్బీనును కంటి దగ్గరికి తెండి. గొట్టంతో ఆకాశమంతా వెదికితే పిట్ట దొరకదు.

మన చుట్టుపక్కల

మంజీరా మీద 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన నిజాంసాగర్ నీళ్ళతోనే మన బోధన్ చెరకు పండింది. ఆ చెరకుతో నడిచిన శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. నీటి దగ్గరకు పిట్టలు మాత్రం వస్తూనే ఉన్నాయి. పసుపు ముక్కు కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు. చలికాలంలో మంజీరా జలాశయాలకు పెద్ద బూడిదరంగు బాతులు వస్తాయి. తల వెనుక రెండు నల్లని పట్టెలుంటాయి. మధ్య ఆసియా నుంచి హిమాలయాలు దాటి వచ్చే అతిథులవి. ఉత్త కంటికి బాతులే. దుర్బీనులో ఆ రెండు పట్టెలు కనిపించినప్పుడు గాని వాటి ప్రయాణం మనకు గుర్తుకు రాదు.

నందిపేట వైపు శ్రీరాంసాగర్ నీళ్ళు వెనక్కి తగ్గిన కాలంలో ఆ పచ్చిక మీద కృష్ణజింకలు మేస్తాయి. దగ్గరకు పోతే బెదిరి పరుగెత్తుతాయి. దూరాన కూర్చుండి చూడటమే వాటికీ, మనకూ క్షేమం. వానలు మొదలయ్యాక బావి మీదికి వంగిన తుమ్మచెట్టుకు గిజిగాడు గూడు అల్లుతుంది. మగపిట్ట అల్లుతుంటే ఆడపిట్ట వచ్చి పరీక్షించి పోతుంది. పిల్లలను ఒక గంట కదలకుండా కూర్చోబెట్టే శక్తి దీనికి ఉంది.

మెదక్ కెథడ్రల్‌కు వెళ్ళినప్పుడు కూడా వెంట తీసుకుపోండి. 1924లో ప్రతిష్ఠ జరిగిన ఆ మందిరపు గోపురం చాలా ఎత్తు. దాని చివరి రాతి పనిని కింద నుంచే చూడవచ్చు. లోపల ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఆంగ్ల చిత్రకారుడు రూపొందించిన రంగుటద్దాల కిటికీలు మూడున్నాయి. ప్రభువు జననం, సిలువ, ఆరోహణం. పగటి వెలుగు వెనుక నుంచి పడినప్పుడే వాటి రంగులు కనిపిస్తాయి. ముఖాలు, బట్టల మడతలు దుర్బీనులో స్పష్టమవుతాయి. ఆరాధన జరిగేటప్పుడు మాత్రం జేబులోనే ఉంచండి.

రాత్రివేళ సగం చంద్రుని చూడండి. వెలుగు, చీకటి కలిసే గీత వెంట గుంటలు తేలికగా కనిపిస్తాయి. గోడకు ఆనించి పట్టుకుంటే గురుగ్రహం పక్కన చిన్న చుక్కలు కూడా తెలుస్తాయి. 1610 జనవరిలో గెలీలియో ఇటలీలో తన గొట్టంతో చూచిన నాలుగు చంద్రులు అవే.

చేయకూడనివి

సూర్యుని వైపు ఒక్క క్షణం కూడా చూడకూడదు. ఉదయపు సూర్యుడైనా, సాయంత్రపు సూర్యుడైనా, గ్రహణమైనా ఒకటే మాట. కంటి వెనుక పొర కాలిపోతుంది. ఆ పొరకు నొప్పి తెలియదు కనుక కాలిన సంగతి అప్పటికి తెలియదు కూడా. పిల్లల చేతికిచ్చే ముందు వారిని సూర్యునికి వీపు పెట్టి నిలబెట్టండి. వారి చేతిలో ఉన్నంతసేపు పక్కనే ఉండండి.

ఇతరుల ఇళ్ళ వైపు, స్నానాల రేవు వైపు తిప్పకండి. పది మందిలో తీసినప్పుడు ఏమి చూస్తున్నారో అడగకముందే చెప్పండి. ఊళ్ళో మాట రావటానికి ఎంతసేపు పడుతుంది?

అద్దాన్ని పంచె కొంగుతో, చీర చెంగుతో తుడవకండి. దాని మీది దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, పూత గీసుకుపోతుంది. ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టి దుమ్ము పోగొట్టండి. తరువాత కళ్ళజోడుతో ఇచ్చే మెత్తని బట్టతో మెల్లగా గుండ్రంగా తుడవండి. వర్షాకాలంలో మూత గట్టిగా పట్టే డబ్బాలో, మందు సీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లం వేసి ఉంచండి. ఎండ పడే కిటికీలో పెట్టకండి.

చిన్నవాని ఎడమ కన్ను

నిజాంసాగర్ నుంచి వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దుర్బీను చక్రం తిప్పితే దూరపు చూపు తక్కువైనవానికీ, దగ్గరి చూపు తక్కువైనవానికీ చాలావరకు బొమ్మ స్పష్టమవుతుంది. కళ్ళజోడు లేకుండా నేనే చూస్తాను గదా! ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పినా వానికెందుకు కనబడలేదు?

తెల్లవారి వాని కుడి కన్ను నా అరచేతితో మూసి, గోడ మీది క్యాలెండరు అంకెలు చదవమన్నాను. వాడు నా చేయి తోసేయబోయాడు. ఎడమ కన్ను మూస్తే గడగడ చదివాడు. కోడలు చూచి ఏడ్చింది. "బడిలో బాగనే చదువుతుండు గద మామయ్యా, మనకెట్ల తెలుస్తది?" అన్నది. నిజమే. రెండు కళ్ళూ తెరిచి ఉన్నంతకాలం మంచి కన్ను రెండవదాని పని కూడా చేస్తుంది. పిల్లవానికే తెలియదు, అందరూ ఇట్లాగే చూస్తారనుకుంటాడు.

కంటి డాక్టరు చుక్కలు వేసి పరీక్షించి చెప్పాడు. ఎడమ కంటి పవరు చాలా తేడాగా ఉంది. బొమ్మ మసకగా వస్తుంటే మెదడు ఆ కన్ను మాట వినడం మానేసింది. దీన్ని లేజీ ఐ అంటారు, బద్ధకించిన కన్నన్నమాట. కళ్ళజోడు ఇచ్చి, మంచి కంటి మీద రోజూ కొన్ని గంటలు పట్టీ అంటించమన్నాడు. మంచి కన్ను మూసేస్తే బద్ధకించిన కన్ను పని నేర్చుకుంటుంది. చిన్న వయసులో ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు, ఆలస్యమైన కొద్దీ కష్టమని చెప్పాడు. మూడేళ్ళకే తెలిసి ఉంటే ఇంకా సులువయ్యేదట.

ఇప్పటికి చాలా నెలలయింది. పట్టీ అంటే మొదట్లో రోజూ యుద్ధమే. ఎడమ కంటితో ఇప్పుడు డాక్టరు పలక మీద రెండు వరుసలు ఎక్కువ చదువుతున్నాడు. కుడి కన్నంత ఎప్పటికి అవుతుందో, అవుతుందో లేదో ఇంకా తెలియదు. నేను గద్దించినందుకు వానిని క్షమాపణ అడిగాను. వాడు మరచిపోయాడు. నేను మరువలేదు.

దుర్బీను కంటి పరీక్ష కాదు. పరీక్ష చేయవలసినవారు డాక్టరే. దుర్బీను లేకపోయినా ఫరవాలేదు. మీ ఇంటి పిల్లలకు ఈ వారమే ఒక్కొక్క కన్ను మూసి, దూరాన ఉన్నదేదైనా చూపించి అడగండి. ఆటలాగా అడగండి. కన్ను మూయబోతే ఏడ్చినా, చేయి తోసేసినా, తల పక్కకు తిప్పి చూచినా ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి. కళ్ళజోడు పెట్టినా నల్లబల్ల మీది అక్షరం కనబడని పిల్లలకు డాక్టర్లే చిన్న మోనోక్యులర్ ఇచ్చి, దానితో చదవటం నేర్పుతారు. 1987లో హైదరాబాదులో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో అలాంటి పిల్లల కోసం ప్రత్యేక విభాగమే ఉంది. చూపు తక్కువైన పిల్లవాడు చదువు మానవలసిన పని లేదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం చిన్నవాడు కుడి కంటికి పట్టీతో అరుగు మీద కూర్చుండి, ఎడమ కంటికి దుర్బీను పెట్టి తుమ్మచెట్టు వైపు చూస్తున్నాడు. "ఏం కనవడ్తుందిరా?" అని అడిగాను. "పిట్ట ఉన్నది తాతా. ముక్కు కనవడ్తలేదు గాని, పిట్ట ఉన్నది" అన్నాడు.